ఒక్కసారికి ఒక్క మార్పు

మాస్టారి పథకం ప్రకారం ఆ ఉదయం ఎనిమిదింటికల్లా కంప్యూటర్‌లో కొత్త గ్రాఫిక్స్ కార్డు కూర్చోవాలి. ఎనిమిదింబావుకు తెర వెలగాలి. ఎనిమిదిన్నరకు అమ్మాయి పనిలో పడాలి. ముప్పయ్యేళ్ళు భౌతికశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి కనుక, పొరపాట్లకు కూడా అందులో పదిహేను నిమిషాలు విడిగా కేటాయించారు.

అమ్మాయికి మాత్రం ఆ పదిహేను నిమిషాలు కూడా ఎక్కువే అనిపించాయి. వీడియో ఎడిటరుగా ఆమెకు ఉద్యోగం పోయి ఎనిమిది నెలలైంది. ఇప్పుడొక సంస్థ పరీక్షగా కొంత ముడి చిత్రీకరణ పంపి, దాన్ని నాలుగు నిమిషాల చిత్రంగా తయారుచేసి ఆ సాయంత్రం నాలుగింటిలోగా పంపమంది. ఇంట్లోని కంప్యూటర్ ఉత్త కత్తిరింపుల వరకు సహకరిస్తుంది. రంగులు దిద్దమంటే బిక్కమొహం వేసి ఆగిపోతుంది.

అందుకే పదిహేను రోజులుగా ఇంట్లో విడిభాగాల ఎంపిక సాగింది. మెమరీ రెట్టింపు చేస్తే చాలని మాస్టారన్నారు. చేశారు, చాలలేదు. కార్డు లేనిదే లాభం లేదని, కంప్యూటర్ ఆటలో శత్రువు కనిపించేలోపే తాను చచ్చిపోతున్నానని అల్లుడు మొరపెట్టుకున్నాడు. అతడు ఇంటర్నెట్‌లో చెప్పేవాళ్ళందరినీ నమ్ముతాడు; మాస్టారు ఎవరినీ నమ్మరు. పదకొండు కార్డులకు పట్టిక గీసి, ప్రాసెసర్‌కు ఏది జోడీ, ఉన్న పవర్ సప్లై ఎంత భారం మోస్తుంది, డబ్బాలో ఎంత చోటుంది అన్నీ తేల్చి ఒకదాన్ని ఎంచారు. కార్డు పొడవు పన్నెండున్నర అంగుళాలు. డబ్బా లోపల పదమూడు. ఒకరి కొలత ప్రమాణం కాదు కనుక తాను కొలిచి, అల్లుడి చేత, అమ్మాయి చేత కూడా కొలిపించారు. ముగ్గురికీ పదమూడే వచ్చింది.

తీరా మూత తీసి కార్డు పెట్టబోతే అర అంగుళం బయటే ఉండిపోయింది.

మాస్టారు మొదట తయారీదారుని శంకించారు. తరువాత లోహాల వ్యాకోచాన్ని శంకించి, ఉదయపు చల్లదనంలో అది అసాధ్యమని తానే కొట్టిపారేశారు. మళ్ళీ టేపు పరుస్తుండగా, పక్కగదిలో ఎవరివో బట్టలు కుడుతున్న ఆయన భార్య మిషను ఆపి వచ్చింది.

"ఏవండీ, నా టేపుతోనా కొలిచారు?"

"అవును. ఏం?"

"దాని మొదటి అంగుళం చిరిగిపోతే ఎప్పుడో కత్తిరించేశాను కదండీ. కొలిచినప్పుడల్లా మనసులో ఒకటి తీసేసుకుంటాను. అడిగితే చెప్పేదాన్ని."

కొలిచినవాళ్ళు ముగ్గురైనా టేపు ఒక్కటేనన్న సంగతి మాస్టారి పట్టికలో ఏ గడిలోనూ లేదు.

డబ్బా ముందువైపు ఫ్యాను విప్పేస్తే అంగుళం చోటొస్తుందని అల్లుడన్నాడు. విప్పారు, వచ్చింది. ఫ్యాను లేకపోతే లోపల వేడెక్కుతుందని మూత తెరిచే ఉంచి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టాలనుకున్నారు. స్విచ్చి వేస్తే కార్డు మీది దీపాలు రంగురంగులుగా వెలిగాయి. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. కార్డే చచ్చిందని అల్లుడు తేల్చాడు. ఆధారం లేకుండా తీర్పు చెప్పకూడదని మాస్టారు మందలించి, మెమరీ ముక్కలు తీసి మళ్ళీ నొక్కి పెట్టారు. ఆయన చేతులు లోపల ఉండగా షాకు కొట్టకూడదన్న సదుద్దేశంతో అల్లుడు కంప్యూటర్ ప్లగ్గు పీకి, ఖాళీ అయిన ఆ సాకెట్లోనే టేబుల్ ఫ్యాను పెట్టాడు. ఆ విషయం ఎవరికీ చెప్పలేదు; ఆపైన తానూ మరిచిపోయాడు.

ఈసారి కార్డు మీది దీపాలు కూడా వెలగలేదు. కరెంటు లేదేమోనని అమ్మాయి అడిగితే, తిరుగుతున్న టేబుల్ ఫ్యానును మాస్టారు సాక్ష్యంగా చూపించారు. కరెంటుంది, కంప్యూటర్‌లో చలనం లేదు. కాబట్టి పవర్ సప్లై కాలిపోయింది. తర్కంలో లోపమేమీ లేదు. మామా అల్లుళ్ళిద్దరూ దాన్ని విప్పి, గుడ్డలో చుట్టి, రెండు వీధుల అవతలి మెకానిక్ దగ్గరికి మోసుకెళ్ళారు. అతడు పరీక్షించి, ఇది నిక్షేపంగా ఉంది, ఇంట్లో ప్లగ్గు పెట్టారా అని అడిగాడు. అల్లుడికి ప్లగ్గు సంగతి అప్పుడు గుర్తొచ్చి, తిరుగుదారి పొడవునా నేల చూపులు చూస్తూ నడిచాడు.

అన్నీ తిరిగి బిగించేసరికి రెండు దాటింది. దీపాలు వచ్చాయి, తెర మళ్ళీ నలుపే. అమ్మాయి గడియారం వంక చూడటం కూడా మానేసి గోడ వంక చూస్తోంది. మాస్టారు మెకానిక్‌కు ఫోన్ చేశారు.

"తెర వైరు ఎక్కడ పెట్టారు సార్?"

"ఇదివరకు ఎక్కడుందో అక్కడే. ఒక్కసారికి ఒక్క మార్పే చెయ్యాలని దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు."

"బొమ్మ వచ్చేది ఇప్పుడు కార్డులోంచి కదా సార్. వైరు తీసి కార్డుకి పెట్టండి."

పెట్టగానే బొమ్మ వచ్చింది. దానితోపాటే, ఈ కార్డు పనిచేయడానికి కావలసిన సాఫ్ట్‌వేర్ దిగడానికి రెండున్నర గంటలు పడుతుందన్న సమాచారమూ వచ్చింది. గడువు గంటా నలభై నిమిషాలుంది. ఆలోగా ఇంటర్నెట్ వేగాన్ని కొలిచి చూద్దామని మాస్టారు కాగితం తీశారు.

"నాన్నా, నువ్వు బయటికెళ్ళు," అంది అమ్మాయి. భర్త వైపు తిరిగి, "మీరూ వెళ్ళండి. టేబుల్ ఫ్యాను మాత్రం ఉండనివ్వండి."

లోపలి నుంచి గడియ పడింది. బయట తల్లి సూదిలోకి దారం ఎక్కించలేక వదిలేసింది. మాస్టారు తలుపుకు చెవి ఆనించి, అమ్మాయి మౌసు నొక్కుళ్ళు లెక్కపెట్టి, రెండు వందల దగ్గర లెక్క తప్పారు. నాలుగింటికి నాలుగు నిమిషాలుందనగా తలుపు తెరుచుకుంది.

"పంపేశాను," అంది అమ్మాయి. "రంగుల్లేవు, హంగుల్లేవు. ఉత్త కత్తిరింపులే. ఈ ఉద్యోగం ఇంక రాదులే నాన్నా."

ధైర్యం చెబుదామని మాస్టారు నోరు తెరిచారు కాని, అందుకు తగిన ఆధారమేదీ తోచక మూసేశారు.

మర్నాడు పదింటికి ఫోన్ వచ్చింది. రంగులు దిద్దడానికి తమకు వేరే విభాగముందని, కత్తెర ఎక్కడ పడుతుందో చూడటానికే పరీక్ష పెట్టామని, ఆమెను తీసుకున్నామని చెప్పారు. అమ్మాయి కుర్చీలో కూలబడి ఏడ్చింది. తల్లి కంగారుపడి, సంగతి విన్నాక తానూ ఏడ్చింది. సంస్థ పనికి ఇంటి కంప్యూటర్లు వాడకూడదట. వాళ్ళే ఒకటి పంపుతారట. దాంతో కొత్త కార్డు సాంతం అల్లుడి ఆటలపాలైంది.

వారంలో సంస్థ కంప్యూటర్ మూతకు సీలుతో వచ్చింది. ఉద్యోగి కుటుంబసభ్యులెవరూ, ఎంతటి సదుద్దేశంతోనైనా, ఆ మూత తెరవరాదన్నది వెంట వచ్చిన నియమావళిలో మొదటి షరతు. మాస్టారు దాన్ని రెండుసార్లు చదివి, ఇది తగినన్ని ప్రయోగాల తరువాతే రాసి ఉంటారని ఒప్పుకున్నారు.