ఈశాన్యంలో ఏసీ

ఆ సోమవారం ఉదయం కామేశ్వరరావు ఆఫీసు బ్యాగులో టిఫిన్ డబ్బాతో పాటు వేంకటేశ్వరస్వామి పటం, ఇత్తడి ప్రమిద, నువ్వుల నూనె సీసా సర్దుకున్నాడు. పండగపూట కూడా పూజగదిలోకి తొంగిచూడని మనిషి నూనె సీసా మూత బిగిస్తుంటే, ఆయన భార్య జయలక్ష్మికి అనుమానం వచ్చింది.

"ఆఫీసులో పూజేంటండీ?"

"మంచి జరగాలని."

"ఎవరికి?"

"అందరికీ," అంటూ కామేశ్వరరావు స్కూటర్ తాళం వెతుక్కున్నాడు.

ఆ అందరిలో సరిత లేదు. కామేశ్వరరావు, సరిత ఒకే కంపెనీలో ఇంజనీర్లు. భవనాలకు ఏసీలు, లైట్లు, వైరింగు డిజైన్ చెయ్యడం వాళ్ల పని. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ, తన పాత మూడంతస్తుల ఆఫీసును కరెంటు తక్కువ కాలేలా మార్చిపెట్టమని వీళ్లకు అప్పగించింది. ఆ కంపెనీ యజమాని రంగనాథ్ తెలివిగా ఒక పోటీ పెట్టాడు. మొదటి అంతస్తు హాలుకు మధ్యలో గోడ కట్టించి, ఒక సగం కామేశ్వరరావుకు, రెండో సగం సరితకు ఇచ్చాడు. చెరో మీటరు. నెలాఖరుకు ఎవరి మీటరు తక్కువ తిరిగితే వాళ్లే మొత్తం భవనానికి ప్రాజెక్టు హెడ్.

ఆ హెడ్ కుర్చీ కోసం కామేశ్వరరావు జుట్టు నెరిసేదాకా ఎదురుచూశాడు. కేపీహెచ్‌బీ కాలనీలో జయలక్ష్మి ఆ పదవి వచ్చేసిందనే చెప్పుకుంది. తీరా ఇప్పుడు నిన్నగాక మొన్న చేరిన సరిత అడ్డొచ్చింది. ఆమె గీసిన డ్రాయింగు బాగుందని పైవాళ్లు మెచ్చుకున్న రాత్రి ఆయనకు అన్నం సయించలేదు. ఆమె ఎదురొచ్చి నమస్కారం పెట్టినా ఒళ్లు మండేది. దీన్ని పెద్దమనుషులు ఆందోళన అంటారు. మామూలు తెలుగులో కుళ్లు.

ఆ కుళ్లులోంచి పుట్టిందే పటం ఆలోచన. సరిత సగంలో ఒక స్తంభానికి థర్మోస్టాట్ అనే చిన్న డబ్బా బిగించి ఉంది. గది వేడెక్కితే ఏసీని నడుపుతుంది, చల్లబడితే ఆపుతుంది. సరిగ్గా దాని కింద దీపం వెలిగితే గదంతా ఉడికిపోతోందని అది భ్రమపడుతుంది. ఇక ఏసీ ఆగదు, మీటరూ ఆగదు. దేవుడి దీపాన్ని ఆర్పమనే మొనగాడు ఎక్కడుంటాడు?

"ఈశాన్యం మీ వైపే పడిందమ్మా. దేవుడు అక్కడే ఉండాలి," అన్నాడు సరితతో, స్తంభానికి మేకు కొట్టిస్తూ.

వాస్తు పేరు చెబితే బాగున్న గోడలనే పడగొట్టుకుంటున్న రోజులవి. పటానికి ఎవరు అడ్డు చెబుతారు? సరిత అయితే కరిగిపోయింది.

"మీ మనసు శాన పెద్దది సార్. పోటీల ఉండి గూడ మా దిక్కు దేవున్ని పెడుతున్నరు."

హాలు ఊడ్చే అంజమ్మ దీపం బాధ్యత తనమీద వేసుకుంది. "మీరు పరేషాన్ గాకుండ్రి సార్. కొండెక్కకుండ నేను జూసుకుంట."

చూసుకుంది కూడా. సరిత సగంలో ఏసీ పగలనక రేయనక మోగింది. కామేశ్వరరావు పొద్దునా సాయంత్రం రెండు మీటర్లూ చూసుకుని, ఈలవేస్తూ ఇంటికి వెళ్లేవాడు.

అయితే అది మే నెల. ఆయన సగంలో పొదుపు కోసం పెట్టిన ఏసీ, చెమట ఆరీ ఆరనట్టు ఉంచేది. పైగా మనిషి కదలకపోతే లైట్లు వాటంతటవే ఆరిపోయే ఏర్పాటు చేశాడు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయన్న భయంతో ప్రోగ్రామర్లు తెరలకు కళ్లప్పగించి బొమ్మల్లా కూర్చునేవారు. గడియకోసారి చీకటి పడేది. అందరూ చేతులు గాలిలో ఊపేవారు, మళ్లీ వెలిగేవి.

మొదట రోహిత్ అనే ప్రోగ్రామరు లేచాడు. "దండం పెట్టుకొస్తానండి," అని గోడ అవతలికి వెళ్లి, మరి రాలేదు. ఆ చల్లదనంలో అతని ప్రోగ్రాము ఒక్క తప్పు లేకుండా నడిచింది. అది స్వామి మహిమ అన్నారు. మర్నాడు మరికొందరు కంప్యూటర్లు మోసుకుని, తలా ఒక ప్రమిద పట్టుకుని వలస వెళ్లారు. ప్రమిదలు పెరిగినకొద్దీ డబ్బాకు వేడి పెరిగింది, గదిలో చలి పెరిగింది. రోహిణి కార్తెలో స్వెట్టర్లు దిగాయి. ఒకాయన మంకీ క్యాపు కూడా పెట్టుకొచ్చాడు.

సరిత కంగారుగా కామేశ్వరరావు దగ్గరికి వచ్చింది. "సార్, ఏసీ ఆగుతలేదు. ఆ దీపాల వేడి తగులుతుందేమో. పటం జర పక్కకు పెడదామా?"

"ప్రతిష్ఠ చేసిన దేవుణ్ణి కదపకూడదమ్మా. కంప్రెసర్ చూపించుకో."

పాపం ఆమె కంప్రెసర్ విప్పించింది, మళ్లీ బిగించింది. మీటరు మాత్రం తిరుగుతూనే ఉంది.

కామేశ్వరరావు సంతోషించాల్సిన సమయం ఇది. కాని గోడ అవతలినుంచి నవ్వులు వినిపించేవి. "సరిత మేడమ్ ఏసీ అంటే ఏసీ" అన్న మాటా వినిపించింది. తను పెట్టిన దేవుడు, తను చేసిన చలి, పేరు ఆవిడకా? అందరూ వెళ్లిపోగా ఖాళీ అయిన తన సగంలో ఆయనొక్కడే కూర్చున్నాడు. కుళ్లుతో బిగుసుకుపోయి కదలడం మరిచేసరికి ఆయన మీద కూడా లైట్లు ఆరిపోయాయి.

చివరికి ఉండబట్టలేక రెండో పటం తెచ్చాడు. అంజమ్మ గుమ్మంలోనే ఆపింది.

"ఏంది సార్ గిది? మీ దిక్కు నైరుతి గద. నైరుతిల దేవున్ని పెడ్తరా? మీరే చెప్తిరి."

ఆయన పటాన్ని మళ్లీ బ్యాగులో పెట్టుకున్నాడు.

నెలాఖరున రంగనాథ్ వచ్చాడు. కామేశ్వరరావు మీటరు దాదాపు కదలలేదు. సరితది మాత్రం బొంగరంలా తిరిగినట్టు అంకె చూపించింది.

"మీరే గెలిచారండీ," అని రంగనాథ్ చెయ్యి కలిపాడు. కామేశ్వరరావు కళ్లు చెమర్చాయి. తరవాత రంగనాథ్ సరితవైపు తిరిగాడు. "ఇంత కరెంటు ఎందుకు కాలిందమ్మా?"

"దీపాల వేడికి సార్. దేవున్ని కదపొద్దని కామేశ్వరరావు సార్ చెప్పిండ్రు. పెద్దలు, వినాలె గద. అందుకే నిన్న థర్మోస్టాట్ డబ్బానే విప్పి అవతలి స్తంభానికి పెట్టించిన. ఇప్పుడు చూడుండ్రి."

మీటరు నింపాదిగా, ఎండాకాలపు గేదెలా కదులుతోంది. డబ్బాను కదపవచ్చన్న సంగతి కామేశ్వరరావుకు ఇన్నాళ్లూ తట్టనే లేదు. తట్టడానికి ఆయన బుర్ర డబ్బా దగ్గర లేదు, సరిత దగ్గర ఉంది.

"నాకు కరెంటు బిల్లు కన్నా పెద్ద బాధ ఇంకోటుందండీ," అన్నాడు రంగనాథ్. "ప్రతి నెలా పదిమంది పక్క కంపెనీకి పోతున్నారు. ఈ నెల ఒక్కరూ పోలేదు. అందరూ సరిత గారి సగంలోనే కూర్చుంటామంటున్నారు. అందుకని స్టాఫంతటికీ అవతలి వీధిలో కొత్త భవనం తీసుకుంటున్నాను. అది సరిత గారు డిజైన్ చేస్తారు."

"మరి ఇదండీ?" అని అడిగాడు కామేశ్వరరావు.

"ఇది మీదే. మాట తప్పను. పాత కంప్యూటర్లు, విరిగిన కుర్చీలు ఇక్కడ పడేస్తాం. మనిషి ఉండడు కాబట్టి మీ డిజైన్‌కు లైట్లు వెలిగే ప్రమాదమే లేదు."

సరిత మనస్ఫూర్తిగా అభినందించింది. జయలక్ష్మి కాలనీలో ఇంటింటికీ మైసూర్‌పాక్ పంచింది. జూన్ మొదటి తారీఖున కామేశ్వరరావు మూడంతస్తుల భవనానికి ప్రాజెక్టు హెడ్‌గా కుర్చీలో కూర్చున్నాడు. ఆయన్ను చూసి కుళ్లుకోవడానికి లోపల ఒక్క మనిషీ లేడు.