ఒత్తిడి లేని జిల్లా

కిర్గిజ్ కొండల్లోని మా కోక్-జార్ జిల్లాలో ఇకమీదట ఏ బడిపిల్లకీ ఒత్తిడి ఉండదని జిల్లా విద్యాధికారి ఎసెన్‌కుల్ మొల్దొయెవిచ్ గారు సాంస్కృతిక భవనం మెట్ల మీద నిలబడి ప్రకటించారు. తక్షణం అమల్లోకి వస్తుందన్నారు. బ్యాండు మోగింది. కొండగాలికి చేతిలో కాగితం ఎగిరిపోయినా ఆయన తడబడలేదు. కాగితంలో ఉన్నదీ ఆ ఒక్క వాక్యమే.

నా వయసుకి నేను చాలామంది అధికారుల్ని చూశాను. మంచు కరగాలని సర్క్యులర్ పంపినవాణ్ణి చూశాను. గొర్రెలు కవలల్ని ఈనాలని తీర్మానం చేసినవాణ్ణి చూశాను. రెండు మూడు గొర్రెలు భయపడి ఈనాయి కూడా. కానీ పిల్లల గుండెల్లోకి నేరుగా ఉత్తర్వు పంపిన మహానుభావుడు మాత్రం ఈయన ఒక్కరే. అందుకే ఆయన గురించి నాలుగు మాటలు పత్రికలో రాస్తే బాగుంటుందనిపించింది.

సంగతేమిటంటే, పోయిన ఏడు రాజధాని వాళ్ళు రెండో తరగతి పిల్లలకి ఏటా వసంతంలో ఒక పరీక్ష పెట్టడం మొదలుపెట్టారు. దేశమంతటికీ ఒకటే ప్రశ్నపత్రం, ఒకటే గంట. ప్రశ్నకి నాలుగు జవాబులు, జవాబుకో సున్నా. సరైన సున్నాని పెన్సిలుతో నల్లగా దిద్దాలి. గీత దాటితే యంత్రం ఒప్పుకోదు. మార్కులు తగ్గితే పిల్లకి ఏమీ కాదని గట్టిగా చెప్పారు. బడికి చెడ్డపేరు, టీచరుకి చీవాట్లు, ఊరికి తలవంపులు. అంతే. పిల్లకి మాత్రం ఏమీ కాదు.

మా మనవరాలు కుందుజ్‌కి ఎనిమిదేళ్ళు, ఈ ఏడు రెండో తరగతి. ఇదివరకు దూడలతో మాట్లాడేది, పొయ్యితో మాట్లాడేది, నా బూట్లు రెండూ పోట్లాడుకున్నాయని తీర్పు కూడా చెప్పేది. పరీక్షకి తర్ఫీదు మొదలయ్యాక జడ కొస నములుతూ కూర్చోవడం మొదలుపెట్టింది. ఒక పొద్దున రొట్టె మీద మీగడ వెయ్యనా, జామ్ వెయ్యనా అని అడిగాను.

“ఇంకో రెండు చెప్పు తాతా,” అంది.

“ఇంకో రెండేమిటే?”

“నాలుగుండాలి కదా. అందులో మూడు తప్పుండాలి.”

రెండూ మంచివే తల్లీ, ఏది తిన్నా తప్పు లేదు అన్నాను. అంతే, ఏడుపు అందుకుంది. ఆ పూట తినలేదు. ఆ తర్వాత చాలా పూటలు తినలేదు. చెంపలు లోపలికి పోయాయి.

వాళ్ళమ్మ, అంటే మా కోడలు గుల్సున్, ఊళ్ళో తల్లుల్ని పోగేసింది. అడిగితే ఇంటికో కథ. ఒకడు పక్క తడుపుతున్నాడు. ఒకతె కనురెప్పల వెంట్రుకలు పీక్కుంటోంది. అందరూ కలిసి ఎసెన్‌కుల్ గారి దగ్గరికి వెళ్ళి ఒక్కటే కోరారు: ఈ వసంతంలో రెండో తరగతి వాళ్ళని వదిలెయ్యండి, కాస్త పెద్దయ్యాక పెట్టుకోండి అని. ఆయన శ్రద్ధగా విన్నారట. రుమాలుతో కళ్ళు ఒత్తుకున్నారట. ఆ కన్నీళ్ళ ఫలితమే మెట్ల మీద ప్రకటన.

బ్యాండు ఆగాక గుల్సున్ ముందుకెళ్ళింది.

“అయితే పరీక్ష లేనట్టేనా అన్నా?”

“పరీక్ష ఉంటుంది చెల్లెమ్మా,” అన్నారు ఆయన చల్లగా. “ఒత్తిడి ఉండదు.”

మాట ఇచ్చి ఊరుకునే మనిషి కాదాయన. ఒత్తిడి లేదని తెలియాలంటే కొలవాలి, కొలవాలంటే పరీక్ష పెట్టాలి. కాబట్టి అసలు పరీక్షకి ముందు ఒత్తిడి పరీక్ష ఒకటి పెట్టారు. అదీ సున్నాలదే. మచ్చుకి ఒక ప్రశ్న: ‘పరీక్ష అనగానే నీకు ఏమి కలుగును?’ జవాబులు: సంతోషం, గర్వం, ఉత్సాహం, పైవన్నీ. తక్కువ మార్కులొచ్చిన బడికి నిశ్చింతలో ప్రత్యేక తరగతులు పెడతామని హెచ్చరించారు.

ఆ హెచ్చరిక విని మా బడిలో బురుల్ టీచరమ్మ ముందే తరగతులు మొదలుపెట్టేసింది. బడి వదిలాక పిల్లల్ని అట్టే కూర్చోబెట్టి నిశ్చింత నేర్పేది. కిటికీలోంచి నేనే విన్నాను.

“చేతులు కట్టుకోండి. నిశ్చింతగా ఉండండి. ఎర్‌జిగిత్, నువ్వు నిశ్చింతగా లేవు, లేచి నిలబడు.”

వాడు నిలబడ్డాడు. నిలబడి మరీ నిశ్చింతగా ఉన్నాడు. టీచరమ్మని తర్వాత పలకరిస్తే, ఏం చెయ్యను తాతా, హెడ్మాస్టరు నా నిశ్చింతకి కూడా మార్కులు వేస్తున్నాడు అని వాపోయింది. ఆ వారమే కుందుజ్ ఇంటికొచ్చి గోడకి మొహం పెట్టుకుంది. ఏమైందే అంటే, సంతోషంలో తప్పానంది.

ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పాలి. మా కిర్గిజ్ విందులో గొర్రె తలకాయ పెద్ద అతిథి ముందు పెడతాం. ఆయన చెవి కోసి ఇంట్లో చిన్నపిల్లకి పెడతాడు. చెవి తిన్న పిల్ల చెప్పినమాట శ్రద్ధగా వింటుందని నమ్మకం. పిల్లలు సరిగా వినడం లేదు, అందుకే తప్పు సున్నాలు దిద్దుతున్నారు అని టీచరమ్మ ఒక మాట అనేసింది. ఆ మాటతో ఊరు ఊరంతా గొర్రె చెవుల మీద పడింది.

గొర్రెకి చెవులు రెండే. రెండో తరగతి నిండా పిల్లలు. కారణం లేకుండా విందులు మొదలయ్యాయి. పిల్లికి పుట్టినరోజు చేసినవాళ్ళున్నారు. సంతలో తలకాయలన్నీ బోడివే. చెవులు విడిగా, గంప కింద దాచి, మొహం చూసి అమ్మేవాళ్ళు. అంతటితో ఆగితే బాగుండేది. మా దగ్గర ఏ గొర్రె ఎవరిదో చెవికి పెట్టిన గాటు చూసి చెబుతాం. పచ్చికకెళ్ళిన మంద సాయంత్రానికి చెవుల్లేకుండా దిగిందంటే, ఇక ఏ గొర్రె ఎవరిదని చెప్పాలి? అన్నదమ్ములు ఒక పొట్టేలుని చెరోవైపు పట్టుకుని నా దగ్గరికి తీర్పుకొచ్చారు. పొట్టేలుని అడగండిరా అన్నాను. దానికీ వినపడలేదు.

ఇంతలో ఒత్తిడి పరీక్ష జరిగిపోయింది. ఫలితాలు అమోఘం. జిల్లా మొత్తంలో ఒత్తిడి లేదు. పక్క తడిపేవాడు కూడా ‘పైవన్నీ’ దిద్దాడు. అభినందించడానికి ఎసెన్‌కుల్ గారు మా ఊరొచ్చారు. ఊళ్ళో పెద్ద తెల్లగడ్డం నాదే కనుక విందు మా ఇంట్లోనే. మర్యాద ప్రకారం తలకాయ పళ్ళెంలో పెట్టి ఆయన ముందుంచాం. ఆయన దాన్ని ఇటు తిప్పారు, అటు తిప్పారు. చెవుల్లేని తలకాయ పెట్టడమంటే మా దగ్గర మనిషిని గుమ్మంలోంచి గెంటడం కింద లెక్క.

“చెవులు రెండో తరగతి తినేసింది నాయనా,” అన్నాను.

ఆయన మొహం వెలిగింది. పక్కనున్న సహాయకుడి వైపు తిరిగి, చదువులో తల్లిదండ్రుల పాత్ర అద్భుతం అని రాసుకోమన్నారు.

గుల్సున్ టీ పోస్తోంది. పియాలా ఆయనకి అందిస్తూ ఊరుకోలేకపోయింది.

“అన్నా, నా కూతురు తిండి మానేసింది.”

“ఒత్తిడి పరీక్షలో ఎన్ని తెచ్చుకుందమ్మా?”

“నూటికి నూరు.”

“అయితే ఒత్తిడి లేనట్టే. తిండి సంగతి ఆరోగ్యశాఖది.”

మా కోడలు మళ్ళీ పోసినప్పుడు పియాలా అంచు దాకా నింపింది. మా వైపు గౌరవమున్న అతిథికి టీ కొంచెం కొంచెంగా పోస్తారు. నిండా పోశారంటే ఇక లేవవయ్యా అని. ఎసెన్‌కుల్ గారు దాన్ని తాగేసి, బాగుందని మళ్ళీ చాపారు. ఆ చాపడం చూశాక ఆయన మీద నా గౌరవం రెట్టింపైంది. కుందుజ్ పొయ్యి పక్కన కూర్చుని జడ నములుతూనే ఉంది.

మా జిల్లా కీర్తి రాజధానికి పాకింది. అక్కడ ఒక ఉపమంత్రిగారు ముగ్ధులైపోయి, పిల్లలకి ఇంత ఆనందం ఇచ్చే పరీక్షని పెద్దలకి దూరం చెయ్యడం అన్యాయం అన్నారట. కాబట్టి ఈ వసంతంలో దేశంలోని జిల్లా విద్యాధికారులంతా అదే రకం పరీక్ష రాయాలి. తప్పినవాళ్ళకి ఏమీ కాదు. కుర్చీ పోతుంది.

ఆ వార్త వచ్చాక ఎసెన్‌కుల్ గారు తిండి మానేశారు. ఆయన భార్య సంతలో కనబడి మా కోడలి దగ్గర కన్నీళ్ళు పెట్టుకుంది. టై కొస నములుతున్నాడట. పెరట్లో గుర్రానికి ఎదురుగా నిలబడి, ఏ, బి, సి, డి అని గొణుగుతున్నాడట. చివరికి నా దీవెన కోసం మా ఇంటికి వచ్చారు. మాంసం ముట్టలేదు.

“పెద్దాయనా, యాభై దాటినవాణ్ణి,” అన్నారు. “నా తెలివంతా నాలుగు సున్నాల్లో కొలుస్తారా? ఒక్కో మనిషి ఒక్కోలా ఉంటాడు కదా.”

“పరీక్ష ఉంటుంది నాయనా, ఒత్తిడి ఉండదు,” అని ధైర్యం చెప్పాను.

చావింట్లో నవ్వినవాణ్ణి చూసినట్టు చూశారు. అప్పుడు కుందుజ్ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చి ఆయన జేబులోని పెన్సిలు చేతిలోకి తీసుకుని చూసింది.

“ఇంత సన్నగా చెక్కకూడదు తాతయ్యా. గీత దాటుతుంది. మొద్దుగా ఉండాలి.”

“ప్రశ్న అర్థం కాకపోతే ఏం చెయ్యాలమ్మా?”

“ప్రశ్నతో పనిలేదు. వాళ్ళకేం కావాలో చూడాలి.”

“అదెలా తెలుస్తుంది?”

“ఆ జవాబునే పొడుగ్గా రాస్తారు.”

ఆయన ఆ మాట పెదాల్తో మళ్ళీ అనుకున్నారు. తర్వాత గొంతు తగ్గించి అడిగారు.

“మరి ఏడుపొస్తే?”

“ఏడవొచ్చు. కాగితం మీద పడకూడదు. తడిస్తే యంత్రం తీసుకోదు.”

ఆ పిల్ల అన్ని మాటలు మాట్లాడి ఎన్నాళ్ళయిందో. గుల్సున్ గభాలున బయటికి వెళ్ళిపోయింది. ఎసెన్‌కుల్ గారు దీవెనకి తల వంచారు. నేను చేతులు చాపి, నీ సున్నాలు నిండుగా ఉండాలి, నీ గీతలు నిలకడగా ఉండాలి అని దీవించాను. వాకిట్లో ఆయన మా కోడలి ముందు ఆగారు.

“చెల్లెమ్మా, ఇప్పుడు తెలిసింది. రాజధానికి వెళ్ళి నేనే మాట్లాడతాను. ఇది మనుషులు పడే బాధ కాదు.”

మేం నమ్మాం. నమ్మకపోవడానికి ఏముంది, ఆ కళ్ళు నిజంగానే ఏడ్చిన కళ్ళు. తల్లులంతా దారికి రొట్టెలు, వేయించిన పిండివంటలు మూటకట్టి ఇచ్చారు. అక్కడ ఆయన గొప్పగా మాట్లాడారట. నిద్ర పట్టకపోవడం, ముద్ద దిగకపోవడం, రెప్పలు పీక్కోవడం, మా తల్లులు చెప్పినవన్నీ పొల్లుపోకుండా చెప్పారట. విని ఉపమంత్రిగారు కూడా రుమాలు తీశారట.

తిరిగొచ్చిన రోజు మళ్ళీ సాంస్కృతిక భవనం, మళ్ళీ బ్యాండు. ఎసెన్‌కుల్ గారి బుగ్గలకి రంగు వచ్చింది.

“సాధించాం,” అన్నారు. “పరీక్ష రద్దు.”

తల్లులు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. గుల్సున్ కూతుర్ని భుజం మీదికి ఎత్తుకుంది. చప్పట్లు ఆగేదాకా ఆయన ఓపిగ్గా ఆగారు.

“అధికారుల పరీక్ష రద్దు,” అని వాక్యం పూర్తిచేశారు. “ముదిరిన మనసు మీద అంత ఒత్తిడి పెట్టడం క్రూరమని ఉపమంత్రిగారు ఒప్పుకున్నారు. మొక్కగా ఉన్నప్పుడు వంచాలి గాని మానయ్యాక వంగుతుందా అన్నారు. ఎంత లోతైన మాటో చూడండి.”

మేం లోతు చూస్తూ ఉండగానే ఇంకో మాట చెప్పారు. అధికారుల కోసం అచ్చువేసిన ప్రశ్నపత్రాలు కట్టలు కట్టలుగా మిగిలిపోయాయి, ప్రజల సొమ్ము వృథా కాకూడదు. కాబట్టి రెండో తరగతి పిల్లలు తమ పరీక్ష అయిపోయాక అవి కూడా రాస్తారు.

రాశారు. చెప్పడానికి గర్వంగా ఉంది, జిల్లాలో ఒక్క పిల్ల కూడా తప్పలేదు. అందరికన్నా ఎక్కువ మార్కులు మా కుందుజ్‌కే. మా రెండో తరగతి అధికారుల స్థాయికి ఎదిగిందని ఎసెన్‌కుల్ గారికి రాజధానిలో పతకం ఇచ్చారు. ఆ పత్రంలో చివరి ప్రశ్న ఇది: ‘పరీక్ష వల్ల పిల్లలు తిండి మానేశారని తల్లులు మీ వద్దకు వచ్చినచో ఏమి చేయుదురు?’ మొదటి జవాబు, పరీక్ష ఆపుతాను. రెండోది, తల్లులతో మాట్లాడతాను. మూడోది, పిల్లలని అడుగుతాను. నాలుగోది, ఒత్తిడి ఏ మేరకు ఉన్నదో శాస్త్రీయంగా నిర్ధారించుటకు మరొక పరీక్ష నిర్వహిస్తాను. జిల్లా జిల్లా అంతా నాలుగోదే దిద్దింది. ఒక్క పిల్ల కూడా గీత దాటలేదు.

గుల్సున్ కుందుజ్‌కి పళ్ళెంలో పెట్టింది అలాగే ఉంది. నేను పక్కన కూర్చున్నాను.

“మొదటిది చూశావా తల్లీ? పరీక్ష ఆపుతానని ఉంది కదా,” అన్నాను.

“చూశాను.”

“మరి అది ఎందుకు దిద్దలేదు?”

కుందుజ్ జడ నోట్లోంచి తీసి, తెలియనివాడికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

“అది ఊరికే పెడతారు తాతా. ఎవరైనా దిద్దుతారేమో చూడ్డానికి.”