గోడలెందుకు, దండగ!

మనిషిని చెడగొట్టింది గోడ. ఈ మాట నేను ఆవేశంలో అనడం లేదు, బాగా ఆలోచించే అంటున్నాను. గోడ ఉంది కాబట్టే అవతల ఏం జరుగుతోందోనని ఇవతలివాడికి అనుమానం. గోడ ఉంది కాబట్టే దానికో తలుపు, తలుపుకో గడియ, గడియ పెట్టుకున్నవాళ్లకి పొగరు! ఈ రోగాలన్నిటికీ ఒకటే మందు, స్టూడియో అపార్ట్‌మెంట్. ఒకటే గది. వంటా అక్కడే, పడకా అక్కడే, ఆఫీసూ అక్కడే, అలకా అక్కడే. ఇంతకన్నా సుఖం ఇంకేముంటుంది చెప్పండి?

"అంత చిన్నదాంట్లో ఎలాగండీ" అని మూతి విరిచేవాళ్లున్నారు. వాళ్లకి సుఖపడడం చేతకాదు. స్టూడియోలో మంచం దిగకుండానే స్టవ్వు ఆర్పొచ్చు. కాళ్లు చాపితే ఫ్రిజ్ తలుపు దానంతటదే మూసుకుంటుంది. పోయిన వస్తువు కోసం వెతుక్కోవాల్సిన పని లేదు, దాని మీదే కూర్చుని ఉంటాం. దొంగ వస్తే నిలబడడానికి చోటు లేక మనల్నే లేపి కాస్త జరగమంటాడు!

ఇంకా నమ్మకం కుదరకపోతే ఒక ప్రకటనల రచయిత సంగతి వినండి.

ఇతను ఇళ్లు కట్టి అమ్మే ఒక కంపెనీలో పనిచేసేవాడు. కంపెనీ చిన్నదిగా కట్టినదాన్ని మాటలతో పెద్దది చేయడం అతని ఉద్యోగం. కిటికీ ఉంటే "ప్రకృతితో పలకరింపు" అని రాసేవాడు. కిటికీ లేకపోతే "రణగొణధ్వనుల నుంచి విముక్తి" అని రాసేవాడు. స్టూడియోలు కట్టడం మొదలెట్టాక అతని కలం మరీ విజృంభించింది. "మీ ఇద్దరి మధ్య గోడలెందుకు?" అన్న వాక్యం అతనిదే. కూడళ్లలో అంతెత్తు బోర్డుల మీద, పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్న ఒక జంట నెత్తిన ఆ వాక్యం వెలుగుతూ ఉండేది. కంపెనీ మురిసిపోయి, స్టాఫ్ కోటాలో అతనికే ఒక స్టూడియో ఇచ్చింది. రాసినవాడికి తన రాతే రాసిపెట్టి ఉందన్నమాట!

అతను మాత్రం సంబరపడ్డాడు. తను రాసిందాన్ని తనే నమ్మే అమాయకులు ఆ వృత్తిలో అరుదు. ఇతనికి ఆ జబ్బు ఉంది. చుట్టాలొస్తే ఇల్లంతా చూపించేవాడు. చూపించడమంటే ఏం లేదు, గుమ్మంలో నిలబెట్టి "ఇదే" అనడం.

భార్య ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తం తీసే టెక్నీషియన్. పొద్దున్నుంచీ ఊరందరి చేతులకీ రబ్బరు పట్టీలు కట్టి, "పిడికిలి బిగించండి, అయిపోయింది, అయిపోయింది" అంటూ సూదులు గుచ్చి వస్తుంది. ఇంతింత మీసాలవాళ్లు కూడా సూది చూడగానే నీరుగారిపోతారు. ఆమె ఎవర్నీ చూసి నవ్వేది కాదు. చటుక్కున పరదా లాగేసి, "ఇప్పుడు అరవండి, ఎవరూ చూడరు" అనేది.

మూడో మనిషి అత్తగారు. కంటి ఆపరేషన్‌కని కొడుకు దగ్గరికొచ్చి, చుక్కల మందు అయ్యేదాకా ఉండిపోయింది. ఆవిడ మంచం మీద, కొడుకు సోఫాలో, కోడలు కింద పరుపు మీద. ఒకరు లేచి మంచినీళ్లు తాగాలంటే మిగతా ఇద్దరూ కాళ్లు ముడుచుకోవాలి. ఎంత ఐకమత్యం!

అలాంటి ఆనందనిలయానికి ఒక సాయంత్రం ఫోనొచ్చింది. ఆమె పిన్ని పోయింది.

పేరుకే పిన్ని. తల్లి లేని పిల్లని చంకనేసుకుని తెచ్చుకుంది. తల దువ్వింది, తిట్టింది, నర్సింగ్ వద్దు ల్యాబ్ చదువు చదవమంది, పరీక్ష పోతే పక్కన కూర్చుని తనే ఎక్కువ ఏడ్చింది. ఆ పిన్ని.

ఆ ఫోన్ వచ్చేసరికి భర్త ల్యాప్‌టాప్ ముందు మీటింగ్‌లో ఉన్నాడు. అత్తగారు కళ్లలో మందు వేయించుకుని వెల్లకిలా పడుకుంది. స్టవ్వు మీద కుక్కర్ కూత పెడుతోంది. ఆమె అటు చూసింది, ఇటు చూసింది. అటూ ఇటూ ఒకటే చోటు! చివరికి గోడవైపు తిరిగి నిలబడింది. ఎంత స్టూడియో అయినా బయటి గోడలు నాలుగూ ఉండక తప్పదు కదండీ, వాటిని కూడా తీసేసే విద్య కంపెనీ ఇంకా నేర్వలేదు.

"ఏమైందమ్మాయ్?" అంది అత్తగారు కళ్లు మూసుకునే.

"ఏం లేదత్తయ్యా. పిన్ని..."

అత్తగారు తడుముకుంటూ లేచింది. భర్త మీటింగ్‌ని మ్యూట్‌లో పెట్టి పరుగెత్తుకొచ్చాడు. చెరో భుజం పట్టుకున్నారు. ఏడవకన్నారు. నీళ్లు తాగమన్నారు. అతను మ్యూట్ చేశాననుకున్నది మ్యూట్ కాలేదు. "ఏమైందండీ, ఎవరికైనా బాలేదా?" అంటూ ల్యాప్‌టాప్‌లోంచి అరడజను గొంతులు ఒకేసారి పరామర్శించాయి. ఏ బంగళాలో దొరుకుతుందండీ ఇంత ఆదరణ? గొంతుదాకా వచ్చిన ఏడుపు అందర్నీ చూసి మొహమాటపడి వెనక్కెళ్లిపోయింది.

వెళ్లారు, పిన్నిని సాగనంపారు. అక్కడ కుర్చీలు వేయడం, వచ్చినవాళ్లకి మంచినీళ్లివ్వడం, చిన్నపిల్లల్ని పడుకోబెట్టడం అన్నీ ఆమె మీదే పడ్డాయి. సెలవు అయిపోయి తిరిగొచ్చాక ఏడుపు వాయిదాల మీద రావడం మొదలెట్టింది. ఉల్లిపాయలు తరుగుతుంటే కొంత. షవర్ కింద కొంత, అదీ "అమ్మాయ్, నా మందు వేళయిందే" అని తలుపు చప్పుడయ్యేదాకా. ఆమె మొహం కాస్త ముడుచుకుంటే చాలు, భర్త కళ్లు అక్కడే ఉండేవి. "మళ్లీ గుర్తొచ్చిందా? ఊరుకో, ఊరుకో" అనేవాడు. ప్రేమేనండీ, కాదనడానికి లేదు! ఆ ఇంట్లో దుఃఖం కూడా ఓపెన్ ప్లానే, అడ్డుగోడల్లేవు.

ఒకరోజు ఆమే అడిగింది.

"కాసేపు నువ్వూ అత్తయ్యా అలా బయటికెళ్లొస్తారా?"

"ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే అయితే ముగ్గురం వెళ్దాం పద. నీక్కూడా మార్పుగా ఉంటుంది."

ఆమె చెప్పులేసుకుని పార్కుకి నడిచింది. వాళ్లిద్దరూ చెరోపక్కా, దారి తప్పిపోతుందేమోనన్నట్టు.

ఇక్కడ నా వాదన కొంచెం పట్టు తప్పుతున్నట్టు మీకనిపిస్తే, దయచేసి గమనించనట్టు ఉండండి. ముందుకెళ్దాం.

అదే కాంప్లెక్స్‌లో, పక్క బ్లాకులో, కంపెనీవాళ్లదే ఒక మోడల్ ఫ్లాట్ ఉంది. మూడు పడకగదులు. అందులో ఎవరూ ఉండరు, కేవలం చూడడానికి. గిన్నెలో ప్లాస్టిక్ పండ్లు, గోడకి అట్టముక్క టీవీ, లోపల కాగితాల్లేని పుస్తకాలు, గది పెద్దగా కనబడాలని పొట్టిగా చేయించిన మంచాలు. స్టూడియో కొనడానికొచ్చినవాళ్లకి మొదట దీన్ని చూపించి, తర్వాత దీని ధర చెప్పి, వాళ్లు నీరసపడ్డాక స్టూడియోకి తీసుకెళ్లడం సేల్స్ మేనేజర్ పద్ధతి. "ముందు ఆశ పెడితేనే కదండీ, తర్వాత సర్దుకుపోయేది!" అనేవాడు. ఎంత గొప్ప తత్త్వం! ఫొటోలు తీయించే పని పడుతుంటుంది కాబట్టి ఆ ఫ్లాట్ తాళంచెవి ఒకటి మన రచయిత ఇంట్లో కొక్కేనికి వేలాడుతూ ఉండేది.

ఆ శనివారం కొత్తగా పెళ్లయిన జంట ఒకటి వచ్చింది. భార్య బళ్లో లెక్కల టీచరు. భర్త ఆమె ఏమంటే అదే అనే మనిషి. ఏ మాటకి వాళ్ల మొహాలు వెలుగుతాయో కనిపెడదామని రచయిత కూడా వెనకాలే నడిచాడు. హాలు చూశారు. వంటగది చూశారు. రెండు పడకగదులు చూశారు. మూడో గది తలుపు మేనేజర్ తోశాడు. రాలేదు. లోపల గడియ పెట్టి ఉంది.

అప్పుడు వినబడింది. ఎవరో ఏడుస్తున్నారు. గొంతు విప్పి, కడుపులోంచి, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేనట్టు ఏడుస్తున్నారు.

"పైపుల శబ్దమండీ," అన్నాడు మేనేజర్, మొహం మీది నవ్వు చెదరనివ్వకుండా. "కొత్త పైపులు కదా, సర్దుకుంటున్నాయి."

"పైపులు 'పిన్నీ' అంటాయాండీ?" అంది లెక్కల టీచరు.

రచయిత ఆ గొంతు పోల్చుకోలేకపోయాడు. ఎలా పోల్చుకుంటాడు? కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ భార్య గొంతెత్తి ఏడవగా అతనెప్పుడు విన్నాడు గనక? పిన్నీ అన్న మాట విన్నాక కిందికి చూశాడు. గుమ్మం పక్కన ఆమె చెప్పులు ఒద్దికగా విడిచి ఉన్నాయి.

"వాచ్‌మన్‌ని పిలవండి, తలుపు బద్దలు కొట్టిద్దాం," అంటున్నాడు మేనేజర్ గొంతు తగ్గించి.

రచయిత తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. "వద్దండీ. లోపల మా ఆవిడ."

"మీ ఆవిడా? ఇక్కడేం చేస్తోంది?"

"ఏడుస్తోంది."

"ఇంట్లో ఏడవచ్చుగా!"

ఎంత ఇరుకునైనా మాటలతో విశాలం చేయగల మనిషి, "ఇంట్లో చోటు లేదండీ," అన్నాడు. కొనడానికొచ్చినవాళ్ల ముందే అన్నాడు! కంపెనీ ఉప్పు తిని!

లెక్కల టీచరు భర్త వైపు చూసింది. "పదండి. తలుపులున్న ఇల్లేదైనా చూసుకుందాం." అతను వెంటనే పద అన్నాడు. వాళ్ల వెనకాల "మేడమ్, ఒక్క నిమిషం మేడమ్" అంటూ మేనేజర్ లిఫ్ట్ దాకా పరుగెత్తాడు.

రచయిత ఆ తలుపుకి వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు. పిలవలేదు. తట్టలేదు. ఊరుకో అనలేదు. లోపల ఏడుపు ఎగిసింది, తగ్గింది, మళ్లీ ఎగిసింది. ఇన్నాళ్లూ తను భుజం పట్టుకుని ఆపింది ఇంత పెద్దదా అనుకున్నాడు. అతని కళ్లలో కూడా నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. అక్కడ అడిగేవాళ్లెవరూ లేరు మరి.

చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. ఆమె మొహం కడుక్కోవాలని చూస్తే మోడల్ ఫ్లాట్ కుళాయిల్లో నీళ్లు రావు. టవల్‌తో తుడుచుకుందామంటే అది గోడకి అంటించి ఉంది. అతను తన చొక్కా అంచు చాపాడు.

"అయిందా?" అన్నాడు.

"ఈ పూటకి అయింది," అంది ఆమె.

ఇంటికొచ్చాక అత్తగారి దగ్గర దాచడానికేముంది, దాచే చోటేది? అంతా చెప్పారు. ఆవిడ నల్లద్దాలు సరిచేసుకుంది.

"నేనున్నాననా అమ్మాయ్, ఏడవలేకపోయావు?"

"అయ్యో, అది కాదత్తయ్యా..."

"కాకపోతే ఏంటి. నేను మాత్రం? మీ మామయ్య పోయాక ఇంటి దగ్గర రోజూ పొద్దున్నే కాసేపు ఆయన్ని తలుచుకుని ఏడ్చి, తర్వాత పనిలో పడేదాన్ని. ఇక్కడికొచ్చాక ఒక్కరోజు కుదర్లేదు. మీరు కంగారుపడతారని ఊరుకున్నాను. కళ్లకి మందు వేశాక కారేదంతా మందే అనుకున్నారు మీరు."

కొడుకూ కోడలూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ తర్వాత ఇద్దరూ లేచి, ఏదో పని ఉన్నట్టు, పాలు తెస్తామని బయటికెళ్లిపోయారు. ఫ్రిజ్‌లో పాలున్నాయి. ఆవిడ ఆ సంగతి ఎత్తలేదు.

సోమవారం రచయితకి కంపెనీ యజమాని ఇంటికి రమ్మని కబురొచ్చింది. ఉద్యోగం ఊడిందనే అనుకుని వెళ్లాడు. యజమాని పెద్దమనిషి! ఎదురొచ్చి సోఫాలో కూర్చోబెట్టాడు.

"నాకు కోపం లేదయ్యా," అన్నాడు. "నీవల్ల మంచి ఐడియా వచ్చింది. మన స్టూడియోల్లో మూలకి ఒక కర్టెన్ వేలాడదీద్దాం. ఎమోషన్ కార్నర్! ఏ బిల్డరూ ఇవ్వడం లేదు. దానికి కొంచెం రేటు కూడా పెంచొచ్చు. నువ్వు రెండు మంచి వాక్యాలు రాసి పట్రా."

రచయితకి ఆ వాక్యాలు అప్పటికప్పుడే నాలుక మీదికొచ్చాయి, అదీ అతని బాధ. వాటిని మింగేసి, "నేను రాయనండీ!" అన్నాడు. ఆ అనడం కాస్త గట్టిగా అన్నాడు.

"ఉష్! మెల్లగా!" యజమాని కంగారుగా పక్కనున్న మూసిన తలుపు వైపు చూశాడు. "మా కుక్క ఉందయ్యా లోపల. దాని జతది ఈమధ్యే పోయింది. పాపం, బెంగ పెట్టుకుంది. నలుగురిలో ఉంటే మనసు కుదుటపడదు, దాని మానాన దాన్ని వదిలెయ్యండి అన్నాడు డాక్టరు. అందుకని ఆ గది దానికిచ్చేశాం. మేం కూడా తలుపు తట్టే లోపలికెళ్తాం."

రచయిత లేచాడు. నమస్కారం పెట్టాడు. తలుపు చప్పుడు కాకుండా మూసి బయటికొచ్చాడు.

ఉద్యోగంతో పాటు స్టాఫ్ కోటా ఇల్లూ పోయింది. ఊరి చివర పాత పెంకుటింట్లో రెండు గదులు దొరికాయి. వాన పడితే ఒక గది కారుతుందట, కానీ రెండిటికీ తలుపులున్నాయి. అత్తగారు కారే గది తనకి కావాలంది.

స్టూడియో ఖాళీ చేస్తూ, అట్టపెట్టెల మధ్య నిలబడి, అతను భార్యకి ఆ కుక్క సంగతి చెప్పాడు. ఆమె చేతిలో గిన్నె పట్టుకుని శ్రద్ధగా వింది.

"గది పెద్దదేనా?"

"మన ఇల్లంత ఉంటుంది."

పిన్ని పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వి నవ్వి పెట్టె మీద కూలబడింది.

"మరి అడక్కపోయావా," అంది, "దాని బెంగ తీరాక ఆ గది మనకి అద్దెకిస్తారేమో!"