మడుగు నీళ్ళు నిన్నటిలాగే ఉన్నాయి

పిల్లలూ, కూరలో ఉప్పెక్కువైందని ఎవరు చెప్పాలి? వండినవాళ్ళా, తిన్నవాళ్ళా? తొందరేం లేదు, కథయ్యాక చెప్పండి.

ఒక పెద్ద అడవిలో, ఏరు సముద్రంలో కలిసే చోట, మంచినీళ్ళ మడుగు ఒకటి ఉండేది. అక్కడి పంచాయతీకి పెద్ద మొసలి. ఆయనకి రొయ్యలంటే ప్రాణం. రొయ్యలు గుమ్మంలోకే రావాలని సముద్రం నుంచి మడుగుకి కాలువ తవ్వించాడు.

"ఉప్పునీళ్ళు ఎక్కవూ?" అని జంతువులు గొణిగాయి. కార్యదర్శి నక్క వెంటనే రుచి సంఘం వేసింది. అందులో సభ్యురాలు ఒక్కతే, రిటైరైన తాబేలు కూర్మావతి టీచరు.

నియమం ఆవిడే రాసింది. రోజూ పొద్దున్నే ఒక గుక్క తాగాలి, నిన్నటి రుచితో పోల్చాలి, తేడా ఉంటే కాలువ పూడ్చాలి. పోల్చి చూడకుండా ఏదీ చెప్పకూడదని ముప్పై ఏళ్ళు పాఠం చెప్పింది మరి.

ఉప్పు రోజుకి చిటికెడు పెరిగేది. నాలుక రోజూ సర్దుకునేది. ఆవిడ తాటాకు మీద గుండ్రటి అక్షరాలతో 'నిన్నటిలాగే ఉన్నాయి' అని రాసేది. అలా రెండేళ్ళు రాసింది.

ఒకరోజు పాత శిష్యురాలు కప్ప రత్తమ్మ వచ్చింది.

"టీచరుగారూ, రెండుసార్లు పెట్టిన గుడ్లూ పోయాయండి. ఒక్క తోకకప్ప బతకలేదు. నీళ్ళు ఉప్పెక్కాయేమో. ఈసారైనా ఎగువకి పోనా?"

"నిన్నటితో పోల్చావా?"

"లేదండి. చచ్చిన పిల్లల్ని చూశాను."

"మూడో తరగతిలోనూ ఇంతే నువ్వు. లెక్క చెయ్యకుండా జవాబు రాసేదానివి. ఇక్కడే పెట్టుకో, నా పూచీ."

చదువు చెప్పినవాళ్ళకి ఆ జబ్బు ఉంటుంది. ఎదుటివాళ్ళ మాట పూర్తికాకముందే తప్పు దిద్దుతారు. నాకెలా తెలుసని అడక్కండి.

మర్నాడు టీచరుగారికి సన్మానం, రెండేళ్ళుగా నీళ్ళు మారనందుకు. ముఖ్య అతిథి ఎగువ నుంచి వచ్చిన బాతు. దాని మెడలో దారికని తెచ్చుకున్న నీళ్ళ సొరకాయబుర్ర. మొసలి టీచరుగారికి శాలువా కప్పాడు. నక్క అతిథికి మడుగు నీళ్ళు అందించింది.

బాతు ఒక గుక్క పట్టి శాలువా మీద ఉమ్మేసింది.

"ఇందులో ఊరగాయ జాడీ గానీ కడిగారా ఏంటండీ?"

"ప్రయాణంలో నోరు చెడి ఉంటుందిలెండి," అంది నక్క.

కూర్మావతి బాతు తెచ్చిన సొరకాయబుర్రలోని నీళ్ళు ఒక గుక్క తాగింది. చిన్నప్పటి మడుగు రుచి. తల డిప్పలోకి లాక్కుంది. సభలో ఉన్న రత్తమ్మని లోపలినుంచే అడిగింది.

"రత్తం, గుడ్లు పెట్టేశావా?"

"మీరు చెప్పారుగా. తెల్లారే పెట్టేశానండి."

ఆవిడ శాలువాతోనే గుడ్లు గాలించి ఆ బుర్రలో వేసింది. బాతు ఎగువకి ఎగిరింది, వెనకాలే రత్తమ్మ గెంతుకుంటూ పోయింది. ఎన్ని బతికాయో కబురు రాలేదు. టీచరుగారు 'ఉప్పు' అని తాటాకు మీద రాసిచ్చి తనూ బయల్దేరింది. ఇంకా దారిలోనే ఉండి ఉంటుంది.

ఆ తాటాకు చదివి పంచాయతీ అప్పటికప్పుడు సమావేశమైంది. కాలువ పూడుస్తారనుకున్నారా? ఇకమీదట అతిథులకి నీళ్ళు ఇవ్వకూడదని తీర్మానించారు.

నీతి రాసుకోండి: మన ఊరి నీళ్ళు ఎప్పటికీ తియ్యగా ఉండాలంటే చుట్టాలకి పొయ్యకండి.

సరే, పొయ్యి మీద పులుసులో ఉప్పు చూడాలి, వెళ్తున్నా. నేను చూస్తే నిన్నటిలాగే ఉంటుంది. వసుధా, నువ్వు రాత్రే కదే బస్సు దిగావు. గరిటె నువ్వు పట్టుకో, పద.