ఒలింపిక్ బార్

"మన హైస్కూలు ఫుట్‌బాల్ ఆడపిల్లలకు ఒలింపిక్ స్థాయి బలం వచ్చేదాకా నేను కంటినిండా నిద్రపోను!" అని మండల క్రీడాభివృద్ధి కమిటీ అధ్యక్షులు హరిబాబుగారు మైకులో శపథం చేశారు. ఆయన మాట మీద నిలబడే మనిషి. ఆ మధ్యాహ్నం బిర్యానీ తిన్నాక కూడా కునుకు తీయలేదని విశ్వసనీయ సమాచారం.

నిరుడు జిల్లా పోటీల్లో మా పిల్లలు గిద్దలూరు జట్టు చేతిలో ఓడిపోయారు. గోల్ దాకా దూసుకుపోవడం, భుజం తగలగానే కింద పడడం. డ్రిల్లు మాస్టారు యోసేపు దీనికి ఫోన్‌లో వెతికి మందు కనిపెట్టాడు. ఒలింపిక్స్‌లో మాదిరి బరువులు ఎత్తిస్తే కాళ్లకూ నడుముకూ బలమొస్తుందట, ఇక ఎవరు తోసినా పడరట. బడి ఎదుట నా జిరాక్స్ షాపులోనే కమిటీకి అర్జీ టైపు చేయించాడు. ఇంగ్లీషులో అయితే పని త్వరగా అవుతుందని సలహా ఇచ్చింది నేనే.

"ఫుట్‌బాల్ జట్టుకు: ఒలింపిక్ బార్ ఒకటి, ప్లేట్లు పది."

బార్ అంటే ఇనుప కడ్డీ. ప్లేట్లు అంటే దాని కొసలకు తగిలించే బరువులు.

"ఇబ్రహీం మామూ, సెలెక్షన్స్‌కు నెలే ఉండాది. కడ్డీ ఎప్పుడొస్తాది?" అని కెప్టెన్ సైమా రోజూ అడిగేది. తొమ్మిదో తరగతి పిల్ల. ఈసారి జిల్లా జట్టులోకి పోకపోతే ఆట మాన్పిస్తానని వాళ్ల నాయన ఖరాఖండిగా చెప్పేశాడు.

"ఫైలు కదిలింది బేటీ" అనేవాణ్ణి.

నిజంగానే కదిలింది. పది రోజుల్లో ప్లేట్లు వచ్చాయి. స్టీలువి. హరిబాబుగారు స్వహస్తాలతో పంచిపెట్టారు.

"సార్, ఇవి అన్నం తినే ప్లేట్లు" అన్నాడు యోసేపు.

"తినకుండా బలం యాడి నుంచి వస్తాది మాస్టారూ?"

ఆ తర్కంలో నాకు లోపమేమీ కనిపించలేదు.

చిక్కంతా బార్ దగ్గరే. 'పాఠశాలకు వంద మీటర్లలోపు బార్ పెట్టుటకు నిబంధనలు అనుమతించవు' అని ఎక్సైజ్ ఆఫీసు నుంచి జవాబొచ్చింది. యోసేపు ఆ కాగితం పట్టుకుని హరిబాబుగారి దగ్గరికి పరిగెత్తాడు.

"సార్, ఇది ఆ బార్ కాదు! ఇనుప కడ్డీ సార్!"

"నీకు బార్ కావాల్నా, వద్దా?"

"కావాల సార్."

"అయితే గమ్మునుండు. నేను చూసుకుంటా గదా."

చూసుకున్నారు. సర్వేయరును పిలిపించి టేపు పట్టించారు. బడి గోడ నుంచి గ్రౌండ్ అవతలి మూలకు నూట నాలుగు మీటర్లు తేలింది. కానీ గ్రౌండ్ కూడా బడిదే కదా? దాన్నీ ఆయన చక్కబెట్టారు. ఆ గ్రౌండ్ బడిది కాదని వారంలో తీర్మానమైంది. పదకొండు మంది పెద్దలు సంతకాలు పెట్టారు. కాపీలు తీసింది నేనే. అక్షరాలు బాగా వచ్చాయి.

సెలెక్షన్స్ ముందురోజుకు ఆ మూలన భవనం లేచింది. 'ఒలింపిక్ బార్ అండ్ రెస్టారెంట్, ప్రొప్రయిటర్: జయపాల్'. జయపాల్ హరిబాబుగారి బామ్మర్ది, గొప్ప క్రీడాభిమాని. మిగిలిన గ్రౌండ్ పార్కింగుకు కేటాయించారు.

"మామూ, ఈ పొద్దు ఆఖరి ప్రాక్టీసు. యాడ ఆడుకోవాల?" అంది సైమా. సిగ్గుతో నా ప్రాణం చచ్చిపోయింది. మిషన్‌లో కాగితాలు సర్దుతున్నట్టు తల దించుకున్నాను.

సాయంత్రం ప్రారంభోత్సవం. ముఖ్య అతిథి కారుకు గోల్‌పోస్ట్ అడ్డమొచ్చింది. కూలీలు దొరకలేదు.

"పిల్లోళ్లు ఉండారు గదా!" అన్నారు హరిబాబుగారు.

పదకొండు మంది వచ్చి ఆ ఇనుప చట్రం చుట్టూ నిలబడ్డారు. పిల్లలకు నడుం పట్టేస్తుందేమోనని యోసేపు ముందుకొచ్చాడు. ఫోన్‌లో నేర్చుకున్నదంతా అప్పుడు పనికొచ్చింది.

"మోకాళ్లు వంచండి. నడుం నిటారుగా. ఒకటి... రెండు... ఎత్తండి!"

గోల్‌పోస్ట్ మోకాళ్ల దగ్గరి నుంచి భుజాల మీదికి, భుజాల మీది నుంచి తలల పైకి లేచింది. ఒక్కరూ పడలేదు. దాని కిందుగా కారు వెళ్లిపోయింది.

హరిబాబుగారు ఫొటో తీయించి చప్పట్లు కొట్టారు. "చూసినారా! బార్ వచ్చి పూట కాలేదు, ఎంత బలమొచ్చిందో!"

"సార్, దీన్ని యాడ దించాల?" ఎత్తిన చేతులు దించకుండా అడిగింది సైమా.

ఆయన చుట్టూ చూశారు. అప్పటికే గ్రౌండంతా బండ్లతో నిండిపోయింది.

"దించొద్దమ్మా, అట్లనే ఉండండి. ఇంకో ఫొటో."