కాలువకు తొంభై ఆరు

"మన కాలువలో ఏం కలుస్తున్నదో ఇకమీదట యంత్రమే చెబుతుంది" అని తీర పరిశుభ్రతా మిషన్ ఛైర్మన్ హరినాథ్ గారు ముత్తుకూరు దగ్గర సభలో ప్రకటించారు. మనుషులు చెబితే విన్నవాళ్లు లేరని ఇంత నిజాయితీగా ఒప్పుకున్న నాయకుణ్ణి నేను చూడలేదు. షామియానా వేసింది నేనే కాబట్టి దగ్గరుండి విన్నాను.

బల్లమీద రామన్ యంత్రం, పక్కన సైంటిస్టు స్వర్ణ గారు ఉన్నారు.

"ఇది కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ లేజర్ వేస్తుంది సార్. తిరిగొచ్చే వెలుగును బట్టి ఏ రసాయనమో పేరు చెబుతుంది."

"కనిపించకుండా పనిచేస్తుందన్నమాట. మన మిషన్ లాగే" అని ఛైర్మన్ గారు మెచ్చుకున్నారు.

చేపలు పట్టి బతికే గురవమ్మ ముందుకొచ్చింది. చేతిలో ప్లాస్టిక్ సీసా, అందులో కాలువ మీద తేలే తెట్టు.

"ఎండాకాలం నుంచి వలలో ఒక్క చేప పడలేదయ్యా. ఇదేందో చూడండి."

లేజర్ పడింది. తెరమీద "ప్లాస్టిక్" అని వచ్చింది.

"అది సీసాను చదివింది సార్" అన్నారు స్వర్ణ గారు. అప్పటికే ఛైర్మన్ గారు మైకు అందుకున్నారు.

"దోషి దొరికింది. ప్లాస్టిక్." గురవమ్మను సున్నితంగా మందలించి, ఒక గుడ్డసంచీ బహూకరించారు.

"నీళ్లు దీంట్లో ఎట్ట తెచ్చేది?" అంది గురవమ్మ.

స్వర్ణ గారు తెట్టును గాజుగొట్టంలో పోసి మళ్లీ పరీక్షించారు. ఈసారి "టోలుయీన్, 96 శాతం" అని వచ్చింది.

"రంగులు పలచన చేసే ద్రావకం సార్. ఎగువన ఫ్యాక్టరీ..."

"తొంభై ఆరా?"

"అంటే, అది టోలుయీనే అనడానికి పోలిక తొంభై ఆరు..."

"మావాడికి ఇంటర్‌లో కూడా ఇన్ని రాలేదమ్మా." మళ్లీ మైకు. "మన కాలువ తొంభై ఆరు శాతంతో పాసైంది."

చప్పట్లు మోగాయి. స్వర్ణ గారు ఏదో చెప్పబోయారు. ఆమెకు శాలువా కప్పేశారు.

గురవమ్మ మాత్రం కదల్లేదు. "అయితే చేపలొస్తాయా సామీ?"

"మిగతా నాలుగూ సాధించనీ తల్లీ. అప్పుడు చూద్దువు."

మధ్యాహ్నం విందుకు చెన్నై నుంచి ఐసుపెట్టెల్లో చేపలు దిగాయి. పులుసు గురవమ్మ చేతే పెట్టించారు. ఛైర్మన్ గారు వేళ్లు నాక్కుంటూ, "ఎంతైనా మన కాలువ చేప రుచే వేరు" అన్నారు.

గురవమ్మ ఆయన ఆకులో ఇంకో ముక్క వేసింది.