ఎనిమిది లాగుళ్ల మాట

జువ్వలదిన్నెలో ఆ ఉదయం చెంచమ్మ అనుకున్న పని ఒక్కటే. కూతురు రోజారమణికి నిన్నటి చేపల పులుసుతో ఇంత అన్నం పెట్టి, పదింటికి ఫోనులో జరిగే పరీక్షకు కూర్చోబెట్టడం. పుదుచ్చేరిలో హోటలు చదువుకు సీటు రావాలంటే ఫ్రెంచి మాటలు సరిగ్గా పలకాలట.

పిల్ల తిని లోపలికెళ్లి తలుపు దగ్గరికేసింది. కాసేపటికి "ఏఁ... ఏఁ..." అని ముక్కుతో మూలుగు. ఆ వెంటనే "స్యోఁ" అని గొంతు పట్టేసినట్టు ఒక చప్పుడు. చెంచమ్మకు ఒక్కటే తోచింది. చేప ముల్లు!

అన్నం ముద్ద పట్టుకుని లోపలికి దూకి, పిల్ల నోట్లో కుక్కింది.

"మాట్లాడబాక! నమలబాక! అట్నే మింగు!"

కాదు కాదని రోజారమణి చేతులూపింది. ఊపిరాడక కొట్టుకుంటోందనుకుంది తల్లి.

"అంకాలమ్మక్కా! పిల్లకి ముల్లు ఇరుక్కునింది!"

పక్కింటి అంకాలమ్మ అరటిపండ్ల గెలతో వచ్చింది. కబురు వీధి చివరికి చేరేసరికి పిల్లకు స్పృహ తప్పింది. ఒడ్డుకు చేరేసరికి ఇంకా ఘోరమైపోయింది. వల లాగుతున్న పిల్ల పెదనాన్న ముత్యాలయ్య, తన జట్టును వెంటేసుకుని తడి బట్టలతోనే పరుగెత్తుకొచ్చాడు.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. తెర మీద పరీక్ష పెట్టే మేడమ్ ప్రత్యక్షమైంది. ఆమెకు రోజారమణితో పాటు సగం పల్లె కనిపించింది.

ముద్ద మింగి పిల్ల గొణిగింది: "ముల్లూ లేదు, ఏం లేదుమా! అది ఫ్రెంచి మాట! అంతర్జాతీయం చెయ్యడమని అర్థం."

మేడమ్ ఆ మాటే పలకమంది. "ఏఁ... తేర్... నా..." పిల్ల ఆగిపోయింది. మళ్లీ మొదలెట్టి, మళ్లీ అక్కడే ఆగింది. మేడమ్ కలం అందుకుంది. తన చేతులతోనే సీటు పోగొట్టాననుకుంది చెంచమ్మ.

"ఎన్ని ముక్కలే అది?"

"ఎనిమిది."

చెంచమ్మ కొంగు బిగించింది. "బావా, వల లాగినట్టు లాగండి. లాగుడుకొక ముక్క. పాపా, నువ్వు చెప్పు!"

అందరూ లేని తాడు పట్టుకుని వెనక్కి వాలారు.

"ఏఁ!" అంది పిల్ల. "ఏఁ!" అని లాగింది జట్టు. "తేర్!" "తేర్!" ఆ ఊపులోనే "నా!" "స్యో!" "నా!" "లీ!" "జా!"

చివరి "స్యోఁ" జట్టంతా ముక్కుతోనే లాగింది. రోజారమణి వెంటనే మాటంతా కలిపి, ఒక్క ఊపిరిలో గడగడా పలికేసింది.

మేడమ్ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. సీటు ఇచ్చినట్టేనంది. తన క్లాసు పిల్లలకు వినిపించాలి, ఇంకోసారి లాగమంది. ముత్యాలయ్య ఈల వేశాడు. అంకాలమ్మ పండ్లు పంచింది.

చెంచమ్మ మాత్రం కూతురి దవడ పట్టుకుని నోట్లోకి తొంగి చూసింది.

"అంతా బానే ఉండాది. ఇంతకీ ఆ ముల్లు ఏమైనట్టు?"